ఆసుపత్రి లేని ఆసుపత్రి చాపెల్

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వారం మధ్యలో, పనులు ముగించుకుని ఇంతమంది రావడం సంతోషంగా ఉంది. ఆర్కిటెక్చర్ విద్యార్థులు ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి కొన్నిచోట్ల ఆగి, వివరంగా మాట్లాడతాను.

తెర మీద ఫొటో చూడండి. 2008లో కూల్చివేతలు అయ్యాక లండన్ నడిబొడ్డున ఒక స్థలం ఇలా ఉండేది. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ షాపుల సందడికి కూతవేటు దూరం. గజం నేల దొరకడమే కష్టమైన ఆ చోట ఎకరాల కొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో ఒంటరిగా ఒక చిన్న ఎర్ర ఇటుకల కట్టడం. తెలియనివాళ్లు చూస్తే ఏ గోడౌనో, పాత పంపుహౌసో అనుకుంటారు. లోపల ఏముందో ఈ ఫొటో చెప్పదు.

అది మిడిల్‌సెక్స్ ఆసుపత్రి చాపెల్. చాపెల్ అంటే ఇక్కడ ఊరి చర్చి కాదు. ఆసుపత్రి లోపల రోగులకీ, వాళ్ల బంధువులకీ, నర్సులకీ, డాక్టర్లకీ ఉన్న ప్రార్థన గది. ఆసుపత్రి పోయింది, ఆ గది మిగిలింది. ఇప్పుడు దాన్ని ఫిట్జ్‌రోవియా చాపెల్ అంటున్నారు. అక్కడ పెళ్లిళ్లు జరుగుతున్నాయి, ప్రదర్శనలు పెడుతున్నారు, కచేరీలు చేస్తున్నారు, ఊరికే వచ్చి కూర్చునేవాళ్లూ ఉన్నారు. ఒక పాత కట్టడానికి కొత్త పని వెతికేటప్పుడు ఆ పని ఆ కట్టడం ఒంటికి సరిపోవాలని నేను గట్టిగా నమ్ముతాను. గది కొలతలు, గోడల స్వభావం, శబ్దం, వెలుతురు, ఆ చోటుకి ఉన్న అలవాట్లు, ముందు ఇవన్నీ చూడాలి. ఎంత అద్దె వస్తుందన్న లెక్క ఆ తర్వాత. ఈ చాపెల్ విషయంలో చాలావరకు అలాగే జరిగింది. ఎలా జరిగిందో చూద్దాం.

ముందు కొంచెం నేపథ్యం. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ప్రార్థనాలయం కట్టాలంటే శైలి పెద్ద చర్చ. ఆంగ్లికన్ చర్చికి గోథిక్ అంటే ప్రాణం. మొనదేలిన కమానులు, ఆకాశంలోకి పొడుచుకుపోయే శిఖరాలు. మెథడిస్టులు, బాప్టిస్టులు, కాంగ్రిగేషనల్ వాళ్లు ఆ అధికార చర్చికి బయట ఉన్నవాళ్లు. తమ చాపెల్ తమదిలా కనిపించాలని వాళ్లలో చాలామంది ఇటలీ వైపు చూశారు. గుండ్రటి కమానులు, నిలువు స్తంభాల వరుస, పైన త్రికోణపు నుదురు. దీన్నే ఇటాలియనేట్ అంటారు. కుండల తయారీకి పేరుపడ్డ స్టోక్ ప్రాంతంలో, హాన్లీ ఊళ్లో బెథెస్డా చాపెల్ ఉంది. 1819లో కట్టిన పెద్ద మెథడిస్టు చాపెల్. 1859-60లో రాబర్ట్ స్క్రివెనర్ దానికి ఇటాలియన్ పద్ధతిలో కొత్త ముఖం తొడిగాడు. కొరింథియన్ స్తంభాలు, అంటే తలల మీద ఆకుల చెక్కడం ఉన్నవి. మధ్యలో వెనీషియన్ కిటికీ, అంటే నడిమి భాగం కమానుగా ఉన్న మూడు భాగాల కిటికీ. 1985లో అది మూతపడింది. దాని సంగతి మళ్లీ చెబుతాను.

మన చాపెల్‌కి ఇటలీ మరో దారిలో వచ్చింది. ఆర్కిటెక్ట్ జాన్ లఫ్‌బరో పియర్సన్. కార్న్‌వాల్‌లోని ట్రూరో కేథడ్రల్ ఆయనదే. గోథిక్‌లో అప్పటికే పండిపోయిన మనిషి. ఆసుపత్రి బోర్డు అధ్యక్షుడిగా ఉన్న మేజర్ రాస్ అనే పార్లమెంటు సభ్యుడు చనిపోతే, ఆయన జ్ఞాపకార్థం చాపెల్ కట్టాలనుకున్నారు. 1891లో పని మొదలై, 1892లో తలుపులు తెరిచారు. స్థలం ఆసుపత్రి భవనాల మధ్య ఇరుక్కుని ఉంది. బయటినుంచి ఎవరికీ కనిపించదు. లోపలికి దారి ఆసుపత్రిలోంచే. కాబట్టి పియర్సన్ బయట డబ్బు పెట్టలేదు. ఎర్ర ఇటుక, అక్కడక్కడా రాయి, అంతే. ఖర్చూ శ్రద్ధా అంతా లోపలే. పనసకాయలా పైకి గరుకు, లోపల పచ్చటి బంగారు తొనలు.

లోపలి ఫొటోలు వరసగా వస్తాయి, చూడండి. కట్టుబడి మాత్రం ఇంకా గోథిక్ మనసుదే. పక్కటెముకల్లాంటి పట్టీలతో కమాను పైకప్పు, చివర బలిపీఠం వెనక అర్ధవృత్తాకారపు భాగం. కానీ ఒంటి మీద వేసిన బట్ట మాత్రం ఇటలీలోని వెనిస్‌ది, రవెన్నాది. గోడలకి రంగురంగుల రాతి పలకల తాపడం, పైన మెరిసే బంగారు మొజాయిక్, నక్షత్రాలు. రవెన్నాలో గల్లా ప్లాసిడియా సమాధి మందిరం ఉంది, ఐదో శతాబ్దానిది. అదీ బయట ఉత్త ఇటుకే. లోపల నీలాకాశం నిండా బంగారు చుక్కలు. ఈ రెండూ చూసినవాళ్లకి ఆ చుట్టరికం వెంటనే తెలుస్తుంది.

ఈ ఒక్క స్లైడ్ దగ్గర కాసేపు ఆగుదాం. మొజాయిక్‌ని దగ్గరగా తీసిన ఫొటో ఇది. బంగారు మొజాయిక్ ముక్క అంటే బంగారపు ముక్క కాదు. సన్నటి బంగారు రేకుని గాజు మీద పరిచి, దాని మీద ఇంకో పల్చటి గాజు పొర వేసి, కొలిమిలో కరిగించి అతికిస్తారు. బంగారం మధ్యలో భద్రంగా ఉంటుంది. గాలి తగలదు, చెయ్యి తగలదు, నల్లబడదు. తర్వాత చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, తడి గార మీద ఒక్కొక్కటిగా అద్దుతారు. అసలు పనితనం ఉన్నది అక్కడే. మంచి పనివాడు ముక్కలన్నీ ఒకే మట్టానికి అద్దడు. ఒకటి కొంచెం ఇటు వాలుతుంది, ఇంకొకటి అటు. అందుకే మీరు నాలుగడుగులు నడిస్తే, ఇందాక మసకగా ఉన్నచోట వెలుగు వస్తుంది, వెలిగినచోట మసకబారుతుంది. కొవ్వొత్తి పెట్టినా, బల్బు పెట్టినా పైకప్పు కదులుతున్నట్టే ఉంటుంది. కంప్యూటర్లో రెండరింగ్ చేసేటప్పుడు బంగారు రంగు నింపేసి ఊరుకుంటాం. ఈ వాలు అందులోకి రాదు. అందుకే ఇలాంటి చోట్లకి వెళ్లి, చూసి, గంటసేపు కూర్చుని రావాలని మీకు పదేపదే చెబుతుంటాను.

తలుపుకి దగ్గర్లో ముదురాకుపచ్చ రాయితో చేసిన బాప్తిస్మపు తొట్టి ఉంది. ఒకే రాతి దిమ్మెను తొలిచి చేశారు. దాని అంచు మీద గ్రీకు అక్షరాలు చెక్కారు. ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకటే మాట వస్తుంది: ముఖం ఒక్కటే కాదు, పాపాలు కూడా కడుక్కో అని. ఇస్తాంబుల్‌లోని పాత చర్చి హాగియా సోఫియాలో ఉండేదని చెప్పే మాటే ఇది. గోడల మీద స్మారక ఫలకాలు కూడా ఉన్నాయి. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్లు, మేట్రన్‌లు, నర్సుల పేర్లు. ఇవన్నీ గుర్తుపెట్టుకోండి. ఆసుపత్రి కూలిపోయాక ఈ పేర్లే దాని ఆనవాళ్లు అయ్యాయి.

పియర్సన్ 1897లో చనిపోయాడు. అప్పటికి లోపలి అలంకరణ పూర్తి కాలేదు. కొడుకు ఫ్రాంక్ పియర్సన్ పని అందుకున్నాడు. విరాళాలు వచ్చేకొద్దీ ఒక గోడ, ఒక కమాను అని చేసుకుంటూ పోతే మూడు దశాబ్దాలు దాటింది. చాలా మంది దీన్ని ఆలస్యం అంటారు. నాకు మాత్రం ఇందులో గొప్ప ఓర్పు కనిపిస్తుంది. తండ్రి గీసినదాన్ని కొడుకు మార్చాలనుకోకుండా, తొందరపడకుండా పూర్తి చేశాడు.

ఇప్పుడు చరిత్రలో ఒక విచిత్రం. ఈ చాపెల్ చుట్టూ ఉన్న ఆసుపత్రి ఒకసారి కాదు, రెండుసార్లు కూలింది. మిడిల్‌సెక్స్ ఆసుపత్రి 1745లో మొదలైంది. 1757లో మోర్టిమర్ స్ట్రీట్‌లో జేమ్స్ పెయిన్ గీసిన భవనంలోకి వచ్చింది. క్యాన్సర్ రోగులకి ప్రత్యేకంగా వార్డు పెట్టిన తొలి ఆసుపత్రుల్లో అదొకటి, 1790లలోనే. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి ఆ భవనం బలహీనపడింది. పగుళ్లు పూడ్చి సరిపెట్టే స్థితి దాటిపోయింది. 1928 నుంచి 1935 దాకా విడతలవారీగా పాతది పడగొట్టి, కొత్తది కట్టారు. రోగులు లోపల ఉండగానే. చాపెల్‌ని మాత్రం కదపలేదు. దాని చుట్టూ కొత్త ఆసుపత్రి లేచింది.

ఆ కొత్త ఆసుపత్రిలోనే 1936 జనవరిలో బొంబాయిలో పుట్టిన రచయిత రడ్యార్డ్ కిప్లింగ్ చనిపోయాడు. అంత్యక్రియలకి ముందు ఆయన శవపేటికను ఈ చాపెల్‌లోనే ఉంచారు. ఆ ఒక్క సంగతి వల్ల గైడ్‌ పుస్తకాల్లో చాపెల్ పేరు నిలబడింది. నాకైతే పేరు తెలియని వేలమంది ముఖ్యం. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చోలేక ఇక్కడికి వచ్చి కూర్చున్నవాళ్లు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేముందు ఓ ఐదు నిమిషాలు ఆగిన నర్సులు. ఆసుపత్రిలో టెన్షన్ ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి తలెత్తితే బంగారు ఆకాశం కనిపించేలా కట్టాలన్న ఆలోచన ఎంత దయగలదో చూడండి. అది అలంకారం కోసం అలంకారం కాదు, వైద్యంలో భాగం.

2005 డిసెంబర్‌లో ఆసుపత్రి మూతపడింది. సేవలు యూస్టన్ రోడ్డులోని కొత్త యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రికి వెళ్లిపోయాయి. స్థలాన్ని డెవలపర్లకి అమ్మారు. 2008లో కూల్చివేత. అదే ఏడాది ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభం. ప్రాజెక్టుకి డబ్బు పెట్టిన ఐస్‌లాండ్ బ్యాంకు కౌప్తింగ్ కుప్పకూలింది. పని ఆగిపోయింది. మొదటి ఫొటోలో మీరు చూసిన ఖాళీ ఆ ఆగిపోయిన పని తాలూకుదే. చాపెల్‌కి చట్ట రక్షణ ఉంది. ఇంగ్లండ్ రక్షిత కట్టడాల జాబితాలో గ్రేడ్ టూ స్టార్ స్థాయి కట్టడం, అందుకే ఎవరూ ముట్టుకోలేదు. కానీ ముట్టుకోకపోవడం వేరు, కాపాడటం వేరు.

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి ఆలోచించాలి. నూరేళ్లకి పైగా ఈ కట్టడం ఇతర భవనాల ఒడిలో ఉంది. వానకి, ఎండకి, గాలికి చుట్టూ ఉన్న ఆసుపత్రి గోడలే అడ్డం. ఒక్కసారిగా ఆ అడ్డం పోయింది. లోపలి గదిగా పుట్టింది, రాత్రికి రాత్రి నాలుగు ముఖాలున్న స్వతంత్ర భవనం అయిపోయింది. నాలుగు ముఖాలనీ ఎవరూ గీయలేదు. ఎవరూ చూడరనుకుని వదిలేసిన ఇటుక గోడలవి. వాటిని అందంగా చేయాలని కొత్త రాతి పలకలు తొడగడం, గాజు పోర్టికో తగిలించడం, అలాంటి కోరిక ఏ డిజైనర్‌కైనా వస్తుంది. ఆ పని చేయలేదు. గోడల్ని శుభ్రం చేశారు, పాడైనచోట బాగుచేశారు, ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో తీసుకున్న అతి మంచి నిర్ణయం ఇదే.

తర్వాత వచ్చిన డెవలపర్లు స్థలానికి ఫిట్జ్‌రాయ్ ప్లేస్ అని పేరు పెట్టారు. ఫ్లాట్లు, ఆఫీసులు, కింద రెస్టారెంట్లు. చాపెల్‌ని బాగుచేసి ప్రజలకి అందుబాటులో ఉంచాలన్నది వాళ్లకి అనుమతితో పాటు పెట్టిన షరతు. సుమారు 20 లక్షల పౌండ్లు ఖర్చయింది. సారువలు కట్టి, పైకప్పు మొజాయిక్‌ని, రాతి తాపడాన్ని నిపుణులు బాగుచేశారు. ఆ తర్వాత చాపెల్ ఒక ధార్మిక సంస్థ చేతికి వచ్చింది. చుట్టూ ఏర్పడ్డ చౌకు పేరు పియర్సన్ స్క్వేర్. ఆర్కిటెక్ట్ పేరు మీద ఒక చౌకు ఉండటం మన వృత్తిలో ఉన్నవాళ్లకి సంతోషమే.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆ చౌకు ఇరుకు. చుట్టూ ఎత్తైన గాజు, రాతి భవనాలు చాపెల్ నెత్తిమీదికి వచ్చినట్టుంటాయి. అసలు ఈ చాపెల్ ఎప్పుడూ ఎత్తైన గోడల మధ్యే బతికింది కదా అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో బలం ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఆసుపత్రి గోడలకీ చాపెల్‌కీ మధ్య సంబంధం ఉండేది. ఒక తలుపు, ఒక దారి, ఒక పని. ఇప్పుడున్న గోడలకీ దీనికీ మధ్య ఉన్నది దూరం మాత్రమే.

ఇక కొత్త పనుల సంగతి. దీనికి కలిసొచ్చిన విషయం ఒకటుంది. ఈ చాపెల్‌ని మతపరంగా ప్రతిష్ఠ చేయలేదు. అన్ని రకాల మనుషులూ వచ్చే ఆసుపత్రిలో అది అందరి గదిగానే ఉండిపోయింది. ప్రతిష్ఠ జరిగిన చర్చిని వేరే పనికి వాడాలంటే చాలా పెద్ద తతంగం ఉంటుంది. ఇక్కడ ఆ చిక్కు లేదు. అందుకే మతంతో సంబంధం లేని పౌర వివాహాలకి దీనికి లైసెన్సు దొరికింది. ఇప్పుడు ఏ మతం వాళ్లైనా, ఏ మతమూ లేనివాళ్లైనా అక్కడ పెళ్లి చేసుకోవచ్చు. ఫ్యాషన్ షోలు, షూటింగులు, చిన్న కచేరీలు కూడా జరుగుతాయి. కొన్ని రోజుల్లో ఎవరైనా ఉచితంగా లోపలికి వెళ్లొచ్చు.

అంత పవిత్రమైన చోట ఫ్యాషన్ షోలేమిటని ఒకరిద్దరు నన్ను కోపంగానే అడిగారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ మొజాయిక్‌ని ఎప్పటికప్పుడు పరీక్షించాలి, ఊడినదాన్ని అతకాలి, లోపలి తేమని కనిపెట్టుకుని ఉండాలి. దీనికి ప్రతి ఏడూ డబ్బు కావాలి. ఆసుపత్రి ఉన్నన్నాళ్లూ ఆ ఖర్చు ఆసుపత్రి పద్దులో కలిసిపోయేది. ఇప్పుడు గది తన ఖర్చు తనే సంపాదించుకోవాలి. పెళ్లి అద్దె కట్టిన జంట వల్లే బుధవారమో గురువారమో ఒక మనిషి పైసా ఇవ్వకుండా లోపలికి వెళ్లి కూర్చోగలుగుతున్నాడు. పైగా ఏ కార్యక్రమం పెట్టినా గోడకి ఒక్క మేకు కొట్టే వీలుండదు. ఆ మొజాయిక్‌కి, ఆ రాతి తాపడానికి మేకు ఎవరు కొడతారు? తెచ్చినవన్నీ నేలమీద తమంతట తాము నిలబడాలి, అయిపోగానే వెళ్లిపోవాలి. గది తన షరతులు తనే పెట్టింది.

ప్రదర్శనల్లో ఒకదాని గురించి తప్పక చెప్పాలి. 1987లో ఎయిడ్స్ రోగుల కోసం బ్రిటన్‌లో తొలి ప్రత్యేక వార్డు, బ్రోడెరిప్ వార్డు, ఈ ఆసుపత్రిలోనే మొదలైంది. ప్రారంభించడానికి వచ్చిన యువరాణి డయానా గ్లవ్స్ లేకుండా ఒక రోగి చెయ్యి పట్టుకుంది. ముట్టుకుంటే అంటుకుంటుందని జనం భయపడుతున్న రోజులవి. 1993లో గిడియన్ మెండెల్ అనే ఫొటోగ్రాఫర్ ఆ ఆసుపత్రి ఎయిడ్స్ వార్డుల్లో ఉండి, రోగుల్ని, వాళ్ల మనుషుల్ని, నర్సుల్ని ఫొటోలు తీశాడు. 2017లో ఆ ఫొటోల్ని ఈ చాపెల్‌లో ప్రదర్శించారు. వార్డు లేదు, ఆసుపత్రి లేదు. ఆ ఫొటోల్లోని మనుషులు చికిత్స తీసుకున్న చోటే, అదే నేల మీద, మిగిలిన ఒక్క గదిలో. ఇదే ఫొటోల్ని ఏ గ్యాలరీలో పెట్టినా బాగానే ఉంటాయి. ఇక్కడ పెడితే మాత్రం ఇంటికి వచ్చినట్టు. కొత్త పని పాత కట్టడం ఒంటికి సరిపోవాలని మొదట్లో అన్నాను కదా, దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

పోల్చి చూడటానికి లండన్‌లోనే ఇంకొకటి చెబుతాను. ఇస్లింగ్టన్‌లోని యూనియన్ చాపెల్, 1877. ఆర్కిటెక్ట్ జేమ్స్ క్యూబిట్. చూపులకి గోథిక్, కానీ ప్లాన్‌కి స్ఫూర్తి వెనిస్ దగ్గర తోర్చెల్లో దీవిలోని సాంతా ఫోస్కా చర్చి. కాంగ్రిగేషనల్ వాళ్లకి ప్రసంగమే ప్రాణం కాబట్టి, ఎక్కడ కూర్చున్నవాళ్లకైనా ప్రసంగీకుడు కనిపించాలి, వినిపించాలి అన్నది క్యూబిట్ పట్టుదల. అందుకే పొడుగాటి హాలు వదిలేసి ఎనిమిది మూలల గది కట్టాడు. 1980ల్లో దాన్ని పడగొట్టాలనుకున్నారు. చుట్టుపక్కల జనం అడ్డుపడి ఆపారు. ఇప్పుడది లండన్‌లో పేరున్న కచేరీ వేదికల్లో ఒకటి. ఎందుకయిందో ప్లాన్ చూస్తేనే తెలిసిపోతుంది. ప్రసంగం బాగా వినిపించాలని కట్టిన గదిలో పాట కూడా బాగా వినిపిస్తుంది. హెన్రీ విల్లిస్ చేసిన ఆర్గన్ వాద్యానికి గాలి అందించే నీటి ఒత్తిడి యంత్రాన్ని కూడా బాగుచేసి నడుపుతున్నారు. ఆదివారం ప్రార్థనలు ఆగలేదు. ఇల్లు లేనివాళ్లని ఆదుకునే కేంద్రం కూడా అదే ఆవరణలో నడుస్తోంది. మన ఆసుపత్రి చాపెల్‌లో ఆ స్థాయి కచేరీలు పెట్టలేం. చిన్న గది, చుట్టూ రాయి, శబ్దం గింగిర్లు తిరుగుతుంది. ఒకదానికి నప్పింది ఇంకొకదానికి నప్పదు.

హాన్లీ బెథెస్డా దగ్గరికి వస్తే కథ కష్టం. రెండు వేలమందికి పైగా కూర్చోవడానికి కట్టిన హాలు అది. అంత పెద్ద ఖాళీని నింపే పని, పెద్ద నగరం కాని ఊళ్లో, ఎక్కడినుంచి తేవాలి? మూతపడ్డాక దశాబ్దాలు గడిచాయి. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పట్టు వదలకుండా విడతలుగా మరమ్మతులు చేయిస్తూ వచ్చారు. వాళ్ల ఓపికకి చేతులెత్తి దండం పెట్టాలి. ఫిట్జ్‌రోవియా చాపెల్‌కి చిన్న గది కావడం, ఖరీదైన చోట ఉండటం రెండూ అదృష్టాలే. మీరు ఎక్కడైనా ఇలాంటి ప్రాజెక్టు చేపడితే ఆ అదృష్టాలు ఉన్నాయో లేదో మొదటి రోజే లెక్క చూసుకోండి.

మీలో ఎవరైనా చదువుకో, ఉద్యోగానికో లండన్ వెళ్తే, బ్రిటిష్ మ్యూజియం ఎలాగూ చూస్తారు. అక్కడినుంచి పడమటి వైపు నడిస్తే పావుగంటలో పియర్సన్ స్క్వేర్. కార్యక్రమాలున్న రోజుల్లో మామూలు సందర్శకులకి మూసి ఉంటుంది కాబట్టి ముందు తెరిచి ఉండే రోజులు కనుక్కోండి. టేపూ పెన్సిలూ తీసుకెళ్లండి. ఫొటోలు అందరూ తీస్తారు, మీరు ఒక కమానుని కొలిచి గీసి తీసుకురండి. నేను చెప్పాల్సింది ఇంతే. ఇక మీ ప్రశ్నలు.